రక్తం పడుతుందని ముడి గార్నెట్ ఇచ్చారు, ఎవరైనా వాడారా?

రాయగడ_జిరాక్స్ | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రాయగడలో జిరాక్స్, కంప్యూటర్ రిపేరు షాపు నాది. విషయం మా అక్కది. గుణుపురం ఇచ్చాం, పెళ్లై ఏడాదిన్నర. నాలుగైదు నెలలుగా మనిషి బాగా నీరసించిపోయింది. మేడ మెట్లెక్కితే ఆయాసం, ముఖం పాలిపోయింది. అక్కడి ఆస్పత్రిలో రక్తం 8.2 ఉందని చెప్పి ఐరన్ మాత్రలిచ్చారు. వేసుకుంటే కడుపులో తిప్పుతోందని పది రోజులకే మానేసింది.

ఈలోగా మా అమ్మకి ఏదో వాట్సాప్ గ్రూపులో ఒక క్రిస్టల్ హీలింగ్ మేడమ్ తగిలారు. ఎర్ర రాయి రక్తానికి మంచిదట. గార్నెట్ అట. సాన పట్టని ముడి రాయైతే శక్తి ఇంకా ఎక్కువట. మూడు రాళ్లు 2,400 రూపాయలు. ఎర్ర గుడ్డసంచీలో కొరియర్‌లో వచ్చాయి, కూడా ఒక కాగితం. రాత్రి చెంబెడు నీళ్లలో రాళ్లు వేసి, పొద్దున్నే పరగడుపున ఆ నీళ్లు తాగాలి. రోజూ 20 నిమిషాలు వెన్ను చివర రాయి ఆనించుకుని పడుకోవాలి, మూలాధార చక్రం అక్కడుంటుందట. పున్నమికి డాబా మీద వెన్నెల్లో పెట్టాలి.

నేను నవ్వితే అమ్మకి కోపం వచ్చింది. "నీకన్నీ నవ్వులాటే, పిల్ల ముఖం చూశావా" అంది. అందుకే ఇక్కడ అడుగుతున్నా. ఇవి అసలు గార్నెట్లేనా? రక్తం పడుతుందా? ఆ నీళ్లు తాగితే ఏమైనా అవుతుందా?

ఇంకో అనుమానం. మా పాత ఇంటి గుమ్మం మెట్టు రాయిలో అచ్చం ఇలాంటి ఎర్ర గింజలే ఉంటాయి. చిన్నప్పుడు మేకు పెట్టి పీకేవాళ్లం.

గుణుపురం_గోపి | రాత్రి 9:20

మీ అక్కకి పట్టిందో లేదో గానీ ఆ మేడమ్‌కి మాత్రం బాగా రక్తం పట్టింది. 2,400 పట్టుకుని బుధవారం చాటికోన సంతకి వెళ్తే ఆటో నిండా అనాసపళ్లు వస్తాయి. మెట్టు ఎంతకిస్తావో చెప్పు, నేను తీసుకుంటా.

రాయగడ_జిరాక్స్ | రాత్రి 9:24

గోపీ, టెన్షన్‌లో ఉన్నాను. జోకులు తర్వాత.

పర్లాకిమిడి_మాస్టారు | రాత్రి 10:05

బాబూ, ముందు నీ మెట్టు సంగతి చెప్తాను, అది నా సబ్జెక్టు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి చెప్పి రిటైరైనవాణ్ణి.

నువ్వు మేకుతో పీకినవి గార్నెట్లే. ఆ మెట్టు రాయి పేరు ఖోండలైట్. 1902లో వాకర్ అనే ఆయన కలహండి సంస్థానం భూగర్భం గురించి రాస్తూ, ఆ కొండల్లో ఉండే ఖోండుల పేరే ఆ రాయికి పెట్టాడు. మన తూర్పు కనుమల్లో ఎటు తిరిగినా తగిలే రాయి ఇది. కోణార్క గుడి ఎక్కువభాగం కట్టింది దీంతోనే. సింహాచలం కొండ ఇదే, విశాఖ కైలాసగిరి ఇదే. దామన్‌జోడి పక్కన పంచపట్మాలి కొండ మీద తవ్వే బాక్సైట్ కూడా ఈ రాయే ఎండకీ వానకీ లక్షల ఏళ్లు నాని మారిపోతే వచ్చింది.

ఒకప్పుడు ఇదంతా నీళ్ల అడుగున పేరుకున్న బంకమన్ను. భూమి లోపలికి దిగబడి, 800 డిగ్రీలు దాటిన వేడిలో మగ్గి, సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట ఈ రూపానికొచ్చింది. మన్నులో ఉన్న ఇనుము, అల్యూమినియం, సిలికా కలిసి గార్నెట్ గింజలు కట్టాయి. మిగిలిన అల్యూమినియం సిల్లిమనైట్ అనే ఖనిజం పుల్లలైంది. మన్నులో చిక్కుకున్న కర్బనం గ్రాఫైట్ అయింది. మీ మెట్టు మీద వేలితో గట్టిగా రుద్ది చూడు, ఎక్కడో ఒకచోట పెన్సిల్ మరకలా అంటుకుంటుంది.

గార్నెట్ అన్నది ఒక కుటుంబం పేరు. ఇనుము ఎక్కువుంటే ఆల్మండైన్, మనవైపు ఎర్రనివన్నీ చాలావరకు అదే. మెగ్నీషియం ఉంటే పైరోప్. మాంగనీసు ఉంటే స్పెస్సార్టిన్, అది నారింజ రంగు. కాల్షియం ఉంటే గ్రాసులర్. లాటిన్ భాషలో దానిమ్మ పేరు నుంచి గార్నెట్ అయింది. ఒక దానిమ్మ గింజ పక్కన పెట్టుకుని చూస్తే ఎందుకో తెలిసిపోతుంది. ముడి రాయి ఇబ్బంది లేకుండా పెరిగితే చాలాసార్లు 12 ముఖాలొస్తాయి, ప్రతి ముఖమూ కాజూ బర్ఫీ ముక్క ఆకారంలో ఉంటుంది. ఎవరూ చెక్కక్కర్లేదు. మొదటిసారి చూసినవాళ్లు ఎవరో చెక్కారనే అనుకుంటారు.

ఇక రక్తం. స్వచ్ఛమైన ఆల్మండైన్ బరువులో మూడో వంతు ఇనుమే. ఎవరికైనా ఈ లెక్క తెలిసి ఇనుమునీ రక్తాన్నీ ముడిపెట్టారో, వట్టి ఎర్ర రంగు చూసి చెప్పారో నాకు తెలీదు. కానీ ఆ ఇనుము సిలికాతోనూ ఆక్సిజన్‌తోనూ బిగుసుకుని ఉంది. అంత వేడిలో పుట్టినది చెంబులో ఒక రాత్రి నానితే కరిగి వస్తుందా? మీ తాతలనాటి నుంచీ ఆ మెట్టు మీద వానలు పడుతూనే ఉన్నాయి. చుట్టూ రాయి అరిగింది, ఎర్ర గింజలు మాత్రం పైకి పొడుచుకుని నిలబడి ఉంటాయి, కాలికి తగులుతాయి. అవునా కాదా?

రాయగడ_జిరాక్స్ | రాత్రి 10:11

అవును మాస్టారూ! చెప్పుల్లేకుండా వెళ్తే గుచ్చుకునేవి.

లలిత_బరంపురం | రాత్రి 10:48

మాస్టారికి నమస్కారం. నేను ఆరేళ్లుగా క్రిస్టల్స్ పెట్టుకుని ధ్యానం చేస్తున్నాను, అడిగినవాళ్లకి నేర్పిస్తాను కూడా. ఎగతాళి చెయ్యడం చాలా తేలిక. గార్నెట్‌ని మూలాధారానికి చెప్తారు. ధైర్యానికి, ఒంట్లో ఉత్సాహానికి, కాళ్లు నేల మీద ఆనినట్టు అనిపించడానికి. మా అమ్మ పోయాక మూడు నెలలు నాకు నిద్రే లేదు. చేతిలో గార్నెట్ పట్టుకుని పడుకుంటే గానీ కన్ను మూతపడేది కాదు. అది అబద్ధమని నాకెవరూ చెప్పక్కర్లేదు.

రాహువుకి గోమేధికం పెట్టుకున్నవాళ్లు ఈ వేదికలో ఎంతమంది లేరు? అది సంప్రదాయం, మేం రాయి పట్టుకుంటే మోసమా?

అయితే ఒకటి. మందులు మానమని నేనెవరికీ చెప్పను. రాళ్లు నానబెట్టిన నీళ్లు తాగమనీ చెప్పను. మాలకైట్‌లో రాగి ఉంటుంది, ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది. ఏ రాయిని నీళ్లలో వెయ్యకూడదో మొదటి రోజే చెప్పాలి. ఆ కాగితం రాసినవాళ్లు నేర్చుకున్నది తక్కువ.

పర్లాకిమిడి_మాస్టారు | రాత్రి 11:02

అమ్మా లలితా, సూటిగా తగిలింది. నా కుడి చేతి మధ్యవేలికి గోమేధికం ఉంది. ఉద్యోగం రాని రోజుల్లో మా అమ్మ పెట్టించింది. ఇంకా చోద్యం ఏమిటంటే గోమేధికం కూడా గార్నెట్టే, గ్రాసులర్ రకం, హెస్సొనైట్ అంటారు. భూతద్దంలో చూస్తే లోపల బెల్లం పాకం నీళ్లలో కలుస్తున్నట్టు సుడులు సుడులుగా ఉంటుంది. క్లాసులో పిల్లలకి నా వేలే చూపించేవాణ్ణి. రాహువు ఎప్పుడు వదిలాడో తెలీదు గానీ ఉంగరం మాత్రం వదల్లేదు, సబ్బు రాసినా రాదు.

నీ నిద్ర నిజమే, నేను కాదనను. 2001లో లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో సైకాలజీ చెప్పే క్రిస్టఫర్ ఫ్రెంచ్ అనే ఆయన 80 మందితో చేసిన ప్రయోగం వివరాలు బయటపెట్టాడు. కొందరి చేతిలో అసలు స్ఫటికం, కొందరి చేతిలో నకిలీది పెట్టి కాసేపు ధ్యానం చెయ్యమన్నాడు. ఎవరి చేతిలో ఏది ఉందో వాళ్లకి తెలీదు. వెచ్చగా ఉందన్నారు, జిల్లుమందన్నారు, హాయిగా ఉందన్నారు. అసలు రాయి పట్టుకున్నవాళ్లూ అన్నారు, నకిలీది పట్టుకున్నవాళ్లూ అన్నారు. అంటే హాయి రాయిలోంచి రావడం లేదు, మనిషి లోంచే వస్తోంది. నిద్రకి అది చాలు. రక్తానికి చాలదు కదమ్మా.

జయపురం_పనివాడు | సోమవారం, ఉదయం 7:30

బంగారప్పని మాది, మూడు తరాలుగా. రాయి అసలుదా కాదా అన్నది మా పూట గడిచే ప్రశ్న. జిరాక్స్ తమ్ముడూ, ఫొటోలో చూసి ఎవరూ చెప్పలేరు, చెప్పినవాణ్ణి నమ్మకు. ఇంట్లోనే పరీక్ష చెయ్యి.

నీది కంప్యూటర్ షాపు అన్నావు కదా, చచ్చిపోయిన హార్డ్ డిస్క్ ఒకటి విప్పు. లోపల వెండిలా మెరిసే వంకర అయస్కాంతం ఉంటుంది, వేళ్లు జాగ్రత్త, నలిపేస్తుంది. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పొయ్యి. స్టీలు గిన్నె వద్దు. చిన్న థర్మాకోల్ ముక్క మీద రాయి పెట్టి నీళ్ల మీద వదులు. నీళ్లు కదలడం ఆగేదాకా ఆగు, ఫ్యాను కట్టెయ్యి. అప్పుడు అయస్కాంతాన్ని రాయికి అర అంగుళం దూరంలో పెట్టు, తగలనివ్వకు. ఇనుమున్న గార్నెట్ అయితే పడవ మెల్లగా అయస్కాంతం వైపు వచ్చేస్తుంది. గాజు కదలదు. కెంపు కూడా కదలదు. అది ముడి కెంపు అయితే నీ పంట పండినట్టే, అవ్వదులే.

గార్నెట్‌ని కెంపని అంటగట్టేవాళ్లు కూడా ఉన్నారు. నోట్లు చూసే నీలం లైటు కింద పెట్టు. కెంపులు చాలావరకు నిప్పుకణికలా వెలుగుతాయి. గార్నెట్ నల్లగా, చచ్చినట్టు ఉంటుంది. రంగులోనూ తేడా ఉంది, గార్నెట్ ఎరుపు కొంచెం వంగపండు వైపో గోధుమ వైపో తిరుగుతుంది. అయినా ముడి గార్నెట్‌లో నగకి పనికొచ్చేది చాలా తక్కువ, లోపలంతా పగుళ్లే. రాజస్థాన్ జైపూర్‌లో నాసిరకం ముడిసరుకు కిలోల లెక్కన అమ్ముతారు.

ఛత్రపురం_ఇసుక | ఉదయం 8:15

అన్న చెప్పిన అయస్కాంతం మాట పక్కా. మా వైపు సముద్రపు ఇసుక నుంచి ఖనిజాలు తీసే ప్లాంటులో కాంట్రాక్టు పని నాది. ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్, సిల్లిమనైట్, గార్నెట్ కలిసి ఉంటాయి. అయస్కాంతం బలం తక్కువ పెడితే ఇల్మనైట్ వస్తుంది, పెంచితే గార్నెట్, ఇంకా పెంచితే మోనజైట్. జిర్కాన్, రూటైల్ ససేమిరా రావు.

మాకు గార్నెట్ అంటే గులాబీ రంగు ఇసుక. బస్తాల్లో పోతుంది. ఇనుప రేకుల మీద తుప్పు కొట్టడానికి, నీళ్ల జెట్‌లో కలిపి స్టీలూ గ్రానైట్ కొయ్యడానికి. దగ్గరుంటే రక్తం పట్టేదయితే మా లోడింగ్ కుర్రాళ్లంతా ఈపాటికి పహిల్వాన్లు అవ్వాలి. సాయంత్రానికి నడుం పట్టుకుని కూర్చుంటున్నారు.

ఒక జాగ్రత్త. బీచ్‌లో ఎర్రగా మెరిసే ఇసుక సీసాలో పోసి తలగడ కింద పెట్టుకోమని ఎవరైనా చెప్తే వద్దు. అందులో మోనజైట్ కలిసి ఉండొచ్చు, దాంట్లో థోరియం ఉంటుంది, రేడియేషన్ వస్తుంది.

గుణుపురం_గోపి | ఉదయం 8:31

ఆ సీసా ఐడియా నేను నిన్న రాత్రే వేశాను. పేరు కూడా పెట్టేశాను. వదిలేస్తున్నా.

కొరాపుట్_సిస్టర్ | ఉదయం 10:20

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. అందరూ రాళ్ల మీద పడ్డారు, పిల్లని వదిలేశారు. తమ్ముడూ, ఒకటే ప్రశ్న. అక్కకి సికిల్ టెస్ట్ చేశారా?

మన కొరాపుట్, రాయగడ, కలహండి వైపు సికిల్ సెల్ ఎక్కువ. ఆదివాసీలకే వస్తుందని మనవాళ్లు ధీమాగా ఉంటారు. అలా ఏం లేదు, మిగతా కులాల్లోనూ చూస్తున్నాను. మామూలు ఎర్ర రక్తకణం 120 రోజులు ఉంటుంది. సికిల్ జబ్బు ఉన్నవాళ్లలో అది కొడవలిలా వంకర తిరిగి 10, 20 రోజులకే పోతుంది. వాళ్లకి రక్తం ఎంత పట్టినా నిలవదు. కీళ్లల్లో, వెన్నులో విపరీతమైన నొప్పులొస్తాయి. వాళ్ల మందులు వేరు. రక్తం ఎక్కించుకునేవాళ్లకి ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది కూడా, అందుకే ఐరన్ మాత్ర కూడా డాక్టర్ చూసి ఇవ్వాల్సిందే.

భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ అక్క వయసు ఆడపిల్లలకి ఎక్కువగా ఉండేది మామూలు ఐరన్ తక్కువే. నెలసరి ఎక్కువైనా, నులిపురుగులున్నా, తిండి సరిగ్గా లేకపోయినా వస్తుంది. కానీ ఏదో తెలియాలి కదా. వేలి మీద చుక్క రక్తంతో సికిల్ టెస్ట్ అయిపోతుంది. ట్యూబులో ద్రావకంలో వేస్తే మామూలు రక్తం తేటగా ఉంటుంది, సికిల్ ఉంటే మడ్డిగా మారుతుంది. అలా మారితే హెచ్‌పీఎల్‌సీ అని ఇంకో పరీక్ష చేసి జబ్బా, వట్టి క్యారియరా (అంటే తమకి జబ్బు లేకుండా పిల్లలకి అందించగలిగేవాళ్లా) తేలుస్తారు. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టాక మన జిల్లాల్లో 40 ఏళ్లలోపు వాళ్లకి ఉచితంగా చూస్తున్నారు.

మాత్రలు కడుపులో తిప్పితే మానెయ్యకూడదు, డాక్టర్‌ని అడిగి అన్నం తిన్నాక వేసుకోవచ్చు, రకం మార్చమనొచ్చు. టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్లతో బాగా పడుతుంది. విరేచనం నల్లగా వస్తుందని కూడా చాలామంది భయపడి మానేస్తారు, అది మామూలే.

రాయి దిండు కింద పెట్టుకుంటానంటే పెట్టుకోనీ. అమ్మతో గొడవ పడకు. గొడవ పడితే మాత్ర కూడా పోతుంది, నేను చాలా ఇళ్లల్లో చూశాను. ఆ నీళ్లు మాత్రం మాన్పించు. ముడి రాయి సందుల్లో మట్టీ మశానం ఏముందో ఎవరు చూశారు?

రాయగడ_జిరాక్స్ | ఉదయం 10:41

సిస్టర్, ఆ టెస్ట్ మాట ఎవరూ అనలేదు. ఈ గురువారం అక్కని ఇక్కడికి తీసుకొస్తాను. జిల్లా డాక్టర్‌ఖానా మాకు దగ్గరే.

పాతకాపు_క్వారీ | మధ్యాహ్నం 2:15

నేనొక మాట చెప్పి పోతా. ముడి గార్నెట్ ఉన్న రాళ్లు తెచ్చి గ్రైండర్‌తో కోసి లాకెట్లు చేద్దామని ఇక్కడ ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు మొదలుపెట్టారు. మెసేజీల్లో నన్నే మిషను ధర అడుగుతున్నారు. నేను 14 ఏళ్లు రాతి కోత మిషను దగ్గర పని చేశాను. గార్నెట్ చుట్టూ ఉండే తెల్లటి రాయిలో క్వార్ట్జ్ ఉంటుంది. పొడిగా కోస్తే లేచే దుమ్ములో కంటికి కనపడనిదే ప్రమాదం. ఊపిరితిత్తుల్లోకి దిగితే మళ్లీ బయటికి రాదు. సిలికోసిస్ అంటారు. మా జట్టులో ఇద్దరికి టీబీ అని ఏళ్ల తరబడి మందులు వాడారు, చివరికి ఇది అని తేలింది. ఇద్దరూ లేరు. కొయ్యాలనుకుంటే నీళ్లు పోస్తూ కొయ్యండి, మంచి మాస్క్ పెట్టండి, మూతికి తువ్వాలు కట్టుకుంటే చాలదు. పిల్లలున్న ఇంట్లో అసలొద్దు.

జయపురం_పనివాడు | మధ్యాహ్నం 2:40

పెద్దాయన మాట నిజం. మా నాన్న సాన పట్టే చక్రం పైన చిల్లు డబ్బా వేలాడదీసి చుక్క చుక్క నీళ్లు పడేలా పెట్టేవాడు. చల్లదనానికి అనుకునేవాణ్ణి.

వేదిక_కాపలా | మధ్యాహ్నం 3:05

ఎవరో "ఒరిజినల్ గార్నెట్ హోల్‌సేల్" అని ఫోన్ నంబర్ పెట్టారు. తీసేశాను. మళ్లీ పెడితే సభ్యత్వం కూడా తీసేస్తాను.

రాయగడ_జిరాక్స్ | సోమవారం, రాత్రి 10:30

పరీక్ష చేశాను. షాపు కట్టేశాక 500 జీబీ పాత డిస్క్ ఒకటి విప్పా. స్క్రూలు నక్షత్రం మోడల్, అర్ధగంట పట్టింది. అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ని పట్టుకుని వదల్లేదు.

అమ్మ వచ్చి కూర్చుంది, "ఏం చేస్తున్నావురా రాళ్లతో" అని. ఫ్యాను కట్టేశా. మొదటి రాయి, చింతగింజంత ఉంటుంది, థర్మాకోల్ మీద పెట్టి వదిలా. అయస్కాంతం దగ్గర పెడితే ముందు ఏం లేదు. అమ్మ నవ్వబోయింది. అంతలో పడవ ముక్కు ఇటు తిరిగింది, తర్వాత కదిలింది, తర్వాత ఒక్కసారిగా వచ్చి టబ్బు అంచుకి టక్కున కొట్టుకుంది. అమ్మ చేతులు జోడించేసింది! శక్తి చూశావా అంది. నేను సైన్సు చూపిద్దామనుకుంటే ఇలా అయింది.

రెండోది కూడా వచ్చింది. దీనికి మాస్టారు చెప్పిన కాజూ బర్ఫీ ముఖాలు ఐదు స్పష్టంగా ఉన్నాయి, మిగతా సగం విరిగిపోయింది. మూడోది, అన్నిటికంటే పెద్దది, బాగా ఎర్రగా మెరిసేది, అస్సలు కదల్లేదు. పది నిమిషాలు చూశా. అమ్మ అయస్కాంతం తీసుకుని తనే చూసింది. కదల్లేదు. మొబైల్ టార్చ్ వేసి కస్టమర్ల సంతకాలు చూసే భూతద్దంతో చూస్తే లోపల రెండు గుండ్రటి బుడగలు.

జయపురం_పనివాడు | రాత్రి 10:44

గాజు. గుండ్రటి బుడగ కనపడితే ఇంక మాటల్లేవు. మూడింట్లో రెండు నిజం పెట్టి ఒకటి గాజు కలపడం పాత అలవాటు. ఎక్కువ మెరిసేదే తేడా.

లలిత_బరంపురం | రాత్రి 11:10

నాకు సిగ్గుగా ఉంది, నేను అమ్మకపోయినా. రేపు పొద్దున్నే నా దగ్గరున్నవన్నీ టబ్బులో వేస్తాను.

ప్లీడరు_గుమాస్తా | మంగళవారం, ఉదయం 9:00

జబ్బు తగ్గిస్తుందని తాయెత్తులు, కవచాలు, మహిమ గలవని చెప్పే వస్తువుల ప్రచారం మీద 1954 నుంచే చట్టం ఉంది, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అంటారు. ఆ కాగితం, కొరియర్ కవరు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ దాచి పెట్టు. గాజు ముక్క అమ్మినందుకు వినియోగదారుల కమిషన్‌లో కూడా కేసు వెయ్యొచ్చు. 2,400కి తిరగడం నీ ఓపిక.

రాయగడ_జిరాక్స్ | ఉదయం 9:18

బుడగల ఫొటో పంపితే ఆ మేడమ్ "మీ ఇంట్లో నెగటివ్ ఎనర్జీ వల్ల రాయి చచ్చిపోయింది" అని రాసి నన్ను బ్లాక్ చేశారు. అమ్మ ఆ మెసేజ్ రెండుసార్లు చదివించుకుంది. ఏం అనలేదు. చెంబు తోమి బోర్లించేసింది.

పర్లాకిమిడి_మాస్టారు | మధ్యాహ్నం 12:20

రాయి చచ్చిపోవడం! 40 ఏళ్లలో వినలేదు.

సందర్భం కాకపోయినా చెప్తాను. మన గార్నెట్‌కి ఉన్న అసలు గొప్పతనం ఎవరూ చెప్పరు. తెలంగాణలో కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట కొండ ఉంది, వాగు మట్టిలో గార్నెట్లు దొరుకుతాయి. పుదుచ్చేరి పక్కన అరికమేడులో దొరికిన, రోమన్ వ్యాపారం నాటి గార్నెట్లని పరిశోధకులు పోల్చి చూస్తే ఆ కొండ రాళ్లతో సరిపోయాయి. కాగితంలో ఇలాంటిది ఒక్క ముక్క రాసి ఉంటే నేనే 2,400 పెట్టి కొనేవాణ్ణి.

రాయగడ_జిరాక్స్ | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:50

ఆలస్యానికి క్షమించండి. చాలామంది మెసేజ్ చేసి అడిగారు, అందుకే అన్నీ ఇక్కడే రాస్తున్నా.

అక్కకి సికిల్ టెస్ట్ చేశారు. ట్యూబు మడ్డిగా మారింది. సిస్టర్ చెప్పింది గుర్తొచ్చి నా కాళ్లు వణికాయి. హెచ్‌పీఎల్‌సీకి పంపారు, రిపోర్టు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. క్యారియర్ మాత్రమే, జబ్బు లేదు. క్యారియర్ అయినంత మాత్రాన రక్తం తగ్గదని, ఇది ఐరన్ తక్కువేనని డాక్టర్ చెప్పారు. ఫెరిటిన్ అనే పరీక్షలో ఇనుము నిల్వ బాగా తక్కువ వచ్చింది. మాత్ర మార్చారు. అన్నం తిన్నాక, నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటోంది. నులిపురుగుల మాత్ర కూడా ఇచ్చారు. నిన్న చూస్తే 9.1. మెట్లెక్కుతోంది గానీ సగంలో ఒకసారి ఆగుతోంది.

రిపోర్టు ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది. అమ్మకి రెండూ చదవడం రాదు. నేను చదివి చెప్తుంటే "అది నా నుంచి వచ్చిందా, మీ నాన్న నుంచా" అని అడిగింది. మొన్న తనే వెళ్లి పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చింది. అమ్మ నుంచే.

బావని కూడా చేయించుకోమన్నారు, పిల్లల గురించి ఆలోచిస్తున్నారు కాబట్టి. ముందు ముఖం మాడ్చుకున్నాడు, తర్వాత వచ్చాడు. ఆయనకి లేదు. ఆ రోజు అందరం స్వీట్లు తిన్నాం. నాకు కూడా చేశారు, నేను క్యారియర్‌ని. వచ్చే నెల పెళ్లిచూపులున్నాయి, జాతకంతో పాటు ఈ కాగితం కూడా పట్టుకెళ్తాను, అమ్మాయి వాళ్లనీ చేయించమంటాను. ఎలా అడగాలో మాత్రం తెలియడం లేదు.

కొరాపుట్_సిస్టర్ | రాత్రి 9:05

ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం. ఒక్కరే అయితే పిల్లలకి జబ్బు రాదు, ఎవరైనా క్యారియర్ కావచ్చు అంతే. కాకపోతే ఎదుటివాళ్లకి ఒట్టి సికిల్ టెస్ట్ సరిపోదు, హెచ్‌పీఎల్‌సీ చేయించమను. తలసేమియా అని ఇంకో రక్తం జబ్బు ఉంది, దాని క్యారియర్ అయినా మీతో కలిస్తే ఇబ్బందే, అది అందులోనే తెలుస్తుంది. నీ కాగితం ముందు నువ్వు బల్ల మీద పెట్టి అడుగు తమ్ముడూ, వాళ్లు కాదనలేరు. 9.1 బాగానే ఉంది. 12 వచ్చాక కూడా వెంటనే మానొద్దు, డాక్టర్ చెప్పినన్ని నెలలు వాడాలి.

లలిత_బరంపురం | రాత్రి 9:30

చాలా సంతోషం. నా దగ్గర 11 గార్నెట్లలో ఒకటి గాజు తేలింది. అమ్మ పోయినప్పుడు చేతిలో పట్టుకుని పడుకున్నది అదే.

పర్లాకిమిడి_మాస్టారు | రాత్రి 9:41

పారెయ్యకు తల్లీ, ఉంచుకో.

జిరాక్స్ బాబూ, ఐదు ముఖాలున్న రాయి ఏం చేశావు?

రాయగడ_జిరాక్స్ | రాత్రి 9:50

దేవుడి గదిలో ఉంది మాస్టారూ, అమ్మ పెట్టింది. ఇంకో గార్నెట్ అక్క పట్టుకెళ్లింది. గాజుది గోళీల డబ్బాలో ఉంది.

జయపురం_పనివాడు | రాత్రి 9:54

ఆ ముఖాలున్నదాన్ని మాత్రం సాన పట్టించకు. అలాగే బాగుంటుంది.

పర్లాకిమిడి_మాస్టారు | రాత్రి 9:58

మెట్టు ఫొటో ఒకటి పెట్టవయ్యా. పక్కన రూపాయి బిళ్ల పెట్టి తియ్యి, సైజు తెలుస్తుంది.

రాయగడ_జిరాక్స్ | రాత్రి 10:03

రేపు పగలు తీసి పెడతాను మాస్టారూ. పాత ఇంట్లో ఇప్పుడు కరెంటు లేదు.